మా సైన్సు హాల్లో భూమి తిరిగిన రోజు

మా కాలేజీ పాత విద్యార్థులంతా కలిసి ఒక పుస్తకం వేస్తున్నారు. అందులో నన్ను కూడా ఏదైనా రాయమని అడిగారు. నేను లెక్చరర్ని కాదు. కర్నూల్లో ఆ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అటెండరుగా చేసి రిటైరైనవాణ్ని. అంతకు ముందు సైకిళ్లకు పంచర్లు వేసేవాణ్ని. చదివింది ఐదో తరగతి, అది కూడా పూర్తిగా కాదు. సెలవు చీటీ కంటే పొడుగ్గా ఎప్పుడూ రాయలేదు. మొదటి పేజీ ఇంట్లో చదివి వినిపిస్తే మా ఆమె, "రిటైరైనాక కూడా నీకీ పరీక్షలు యాలప్పా" అంది. నాకూ భయంగానే ఉంది. తప్పులుంటే పిల్లలు మీరే సర్దుకోండి.

ఇప్పుడు మీరు చదివే కాలేజీలో ఫిజిక్స్‌కి ఒక గది, కెమిస్ట్రీకి ఒక గది, బాటనీకి ఒక గది. దేని తాళం దానిదే. నేను చేరిన కొత్తలో అట్లా లేదు. అన్నింటికీ కలిపి ఒకటే హాలు. సైన్సు హాలు అనేవాళ్లం. పాతకాలం కట్టడం. రెండు అంతస్తుల ఎత్తు, పైన ఇనుప దూలాలు, కింద నాపరాళ్లు. ఒక పక్క త్రాసులు, అద్దాలు, అయస్కాంతాలు. ఇంకో పక్క యాసిడ్ సీసాలు. కిటికీల పక్క ఎండబెట్టిన ఆకులు, జాడీల్లో కప్పలు. తలుపు తీస్తే స్పిరిటు, కుళ్లిన గుడ్డు, ఎండుటాకు, అన్నీ కలిసిన వాసన వచ్చేది. ఆ వాసన ఇప్పుడు ఎక్కడా రాదు. విడివిడిగా వస్తుంది గానీ, కలిసి రాదు.

ఆ హాల్లో ముగ్గురు పెద్దవాళ్లుండేవాళ్లు. ఫిజిక్స్ సారు, కెమిస్ట్రీ మేడమ్, బాటనీ సారు. ఎండాకాలం వస్తే బాటనీ సారు బనగానపల్లె పక్కన వాళ్ల ఊరి నుంచి గంపెడు మామిడికాయలు తెచ్చేవాడు. తినే ముందు ముగ్గురూ ఆ కాయ మీద పడి వాదించుకునేవాళ్లు.

"ఇన్ని దినాలు చెట్టుకు నిలబడిన కాయ ఈ పొద్దే ఎందుకు రాలాల" అని ఫిజిక్స్ సారు మొదలుపెట్టేవాడు.

"రాలేది తర్వాత సార్. నిన్న పుల్లగుండింది ఈ పొద్దు తియ్యగ ఎట్లయింది, అది చెప్పండి" అని మేడమ్.

"టెంక నాటితే ఈ రుచి రాదు, అంటు కడితేనే వస్తాది. అదెందుకో మీ ఇద్దరికీ తెలుసునా" అని బాటనీ సారు.

హాలు ఊడ్చే అవ్వ ఒకామె ఉండేది. కల్లూరు నుంచి ఆటోలో వచ్చేది. చీపురు పట్టుకుని కొంచెంసేపు వినేది. "కోసేదుంటే కోయండి సారూ, ఈగలు ముసురుతాండాయి" అనేది. అప్పుడు కోసేవాళ్లు. నాకూ అవ్వకూ కూడా ముక్కలు వచ్చేవి. నేను తిన్న మామిడికాయల్లో అవే బాగుండేవని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఒకరోజు సారు త్రాసులు తుడిపిస్తుంటే అడిగాను. "సార్, మీ ముగ్గురి చదువులు వేరే వేరేనా, ఒకటేనా?"

"ముందు ఒకటేనప్పా" అన్నాడు సారు. "శానా కాలం కింద ఫిజిక్స్ అనే మాటే లేదు. నక్షత్రాన్ని చూసే ఆయనే రాయినీ చూసేవాడు, చెట్టునూ చూసేవాడు, మనిషి రోగాన్నీ చూసేవాడు. ఇదెందుకు ఇట్లుండాది అని కూర్చోని ఆలోచన చేసేవాళ్లు. దాన్ని ప్రకృతి తత్త్వం అనేవాళ్లు."

"మరి ఎందుకు విడిపోయినాయి?"

"ఆలోచన చేసి చెప్తే సాలదు, చేసి చూపించాల అన్నారు కొందరు. చూపించాలంటే సామాను కావాల. సామాను పెరిగింది. అన్నీ ఒక్కరి చేత కాలేదు. అన్నదమ్ముల మాదిరి ఎవరి గది వాళ్లు చూసుకున్నారు."

"భాగాలు పంచుకున్నారనండి."

"పంచుకున్నారు, గోడలూ కట్టుకున్నారు. ఆ సంగతి తెలీకుండా ఉండేది మన హాలొక్కటే."

కొన్నేళ్లకు ఆ సంగతి మా హాలుకూ తెలిసింది. గోడలు కావాలని మొదట అడిగింది మేడమే. ఆమె అడిగింది న్యాయం. ఆమె పిల్లలు గ్యాసు తయారు చేస్తే మా ఇత్తడి త్రాసులు నల్లబడేవి. బాటనీ పిల్లలు తలనొప్పి అని బయటికి పోయేవాళ్లు. కాలేజీ వాళ్లు చూసి, హాలు సగం ఎత్తులో స్లాబు వేసి పైన రెండు గదులు, కింద రెండు గదులు చేస్తామన్నారు. సారు కూడా సరేనన్నాడు. సంతకం పెట్టి వచ్చి హాలు మధ్యలో నిలబడి పైకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"స్లాబు పడితే ఈ ఎత్తు పోతాదప్పా" అన్నాడు.

"పోతే పోనీండి సార్. ఎండాకాలం కొంచెం వేడి తగ్గుతాది."

"అది కాదు. భూమి తిరుగుతాదని నా సర్వీసంతా పాఠం చెప్పినా. నేను యాడ చూసినా? పుస్తకంలో చూసినా. పుస్తకంలో ఉండాదని నమ్మితే అది నమ్మకమే గానీ సైన్సు ఎట్లయితాది?"

భూమి తిరగడం ఎవరికైనా ఎట్లా కనపడుతుంది అనుకున్నాను. సారు నేల మీద కూర్చుని నాకు చెప్పాడు. ఎత్తు నుంచి పొడుగాటి తీగకు బరువైన గుండు వేలాడదీయాలి. దాన్ని ఒక పక్కకు లాగి వదలాలి. అది ఊగుతూనే ఉంటుంది, తను మొదలుపెట్టిన దిక్కు మార్చుకోదు. కింద నేల మాత్రం భూమితో పాటు మెల్లగా తిరుగుతుంది. గుండు ఊగే దారిలో నేల మీద సుద్దముక్కతో గీత గీస్తే, కాసేపటికి గుండు ఆ గీత మీద ఉండదు. పక్కకు పోయినట్టు కనపడుతుంది. నిజానికి పక్కకు పోయింది గీత. గీతతో పాటు హాలు, కర్నూలు, మనమందరం.

"మన కర్నూల్లో నిదానమప్పా. ఒక గంట ఓపిక పడితే నాలుగు వేళ్లంత జరుగుతాది. ఉత్తరానికి పోయేకొద్దీ ఇంకా తొందరగా" అన్నాడు.

"అయితే సారూ, నేను దినామూ ఊడ్చేది తిరిగే బండలనా" అంది పక్కన వింటున్న అవ్వ.

"అవునవ్వా."

"ఎంత ఊడ్చినా దుమ్ము మళ్లీ వచ్చేది అందుకేనేమో."

స్లాబు పని వేసవి సెలవుల్లో మొదలవుతుంది. ఆలోపల చూడాలని సారు పట్టుబట్టాడు. అప్పుడు ఆ ముగ్గురూ మళ్లీ మామిడికాయ మీద పడినట్టు ఆ గుండు మీద పడ్డారు. పాత బజారులో పాత్రలు చేసే ఆయన దగ్గర గుండ్రటి ఇత్తడి చెంబు తెచ్చాం. మేడమ్ దగ్గరుండి సీసం కరిగించి అందులో పోయించింది. నేను నిచ్చెనెక్కి దూలానికి ఫ్యాను కొక్కెం బిగించి ఉక్కు తీగ కట్టాను. గుండు అడుగున సన్నటి ముల్లు అతికించాం.

మొదటిసారి వదిలితే గుండు గీత మీద పోకుండా కోడిగుడ్డు ఆకారంలో చుట్టలు తిరిగింది. రెండోసారీ అంతే. ఎన్నిసార్లు వదిలినా గుడ్డే.

"మన గుండు భూమిని చూపించడం లేదు సార్, కోడిని చూపిస్తాండాది" అంది మేడమ్.

కొక్కెం ఒక పక్కకు వదులుగా, ఒక పక్కకు బిగువుగా ఉండటమే కారణమని సారు కనుక్కున్నాడు. డ్రిల్లు మిషనుకు ములికిని అన్ని పక్కలా సమానంగా పట్టుకునే చక్కు ఉంటుంది. కొక్కెం తీసేసి దాన్ని బిగించాం. చేత్తో వదిలితే తెలియకుండానే పక్కకు తోస్తామని బాటనీ సారు ఇంకో మాట చెప్పాడు. నూలు దారంతో గుండును వెనక్కి లాగి కట్టి, అది కదలకుండా నిలబడే దాకా ఆగి, దారాన్ని అగ్గిపుల్లతో కాల్చాలి. అట్లా చేస్తే గుండు తనంతట తానే బయలుదేరుతుంది. చివరికి గుండు తిన్నగా ఊగింది. అప్పటికి సెలవులొచ్చేశాయి. సోమవారం మేస్త్రి వస్తాడనగా ముందు శనివారం మా చేతిలో ఉంది.

ఆ శనివారం ఎండ మీరు ఊహించుకోవచ్చు. కర్నూలు ఎండ. గాలి తగిలితే గుండు దారి తప్పుతుందని సారు ఫ్యాన్లు ఆపించాడు, కిటికీలు మూయించాడు. హాలు ఇటుక బట్టీ మాదిరి అయింది. బాటనీ సారు ఊరికి పోయాడు. మేడమ్ మధ్యాహ్నం వస్తానంది. సారూ నేనూ దారం కాల్చాం. గుండు బయలుదేరింది. దాని దారి వెంబడి సారే మోకాళ్ల మీద కూర్చుని సుద్దగీత గీశాడు.

కొంచెంసేపటికే సారు ముఖం పాలిపోయింది. చొక్కా మొత్తం తడిసిపోయింది. "బయటికి పోదాం సార్, ఒక నిమిషం" అంటే వినడు. కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాక, నేను చెయ్యి పట్టి బయట వేపచెట్టు కిందికి తీసుకుపోయాను. మా ఇంటి నుంచి తెచ్చిన మజ్జిగ తాగించాను. ఒక పక్క తాగుతూనే, "గుండు ఊగుతాండాదా చూడప్పా" అంటున్నాడు.

మేం తిరిగి వచ్చేసరికి హాలు చల్లగా ఉంది. నాపరాళ్లన్నీ తడిసి నల్లగా మెరుస్తున్నాయి. అవ్వ బకెట్టు పక్కన పెట్టి గుడ్డ పిండుతోంది.

మా పక్క ఎండాకాలం మధ్యాహ్నం నేల మీద నీళ్లు చల్లి తుడవడం ప్రతి ఇంట్లో చేస్తారు. అవ్వ ఆ హాల్లో కూడా ప్రతి ఎండాకాలం అదే చేసేది. సారు ఉడికిపోతున్నాడని ఆ రోజు ఇంకా ఎక్కువ నీళ్లు చల్లింది. గుండు ఊగుతూనే ఉంది. గీత లేదు.

"గుండుకు తగల్లేదు సారూ" అంది అవ్వ మా ముఖాలు చూసి. "అది అటు పోయినప్పుడు ఇటు తుడిచినా, ఇటు వచ్చినప్పుడు అటు తుడిచినా."

గీత ఎక్కడుందో తెలియకపోతే గుండు ఎంత జరిగిందో ఎట్లా చెప్తాం? సారు నేల చూశాడు, గుండు చూశాడు. తర్వాత చెప్పులు విప్పి ఆ తడి బండల మీదే కూర్చున్నాడు.

"చల్లగుండాదవ్వా" అన్నాడు. "మంచి పని చేసినావు."

అప్పుడు నేను చెబితే గానీ అవ్వకు ఏం జరిగిందో తెలియలేదు. ఆమె కొంగు నోట్లో పెట్టుకుంది. "నాకు చెప్పొచ్చు కదా భాయ్" అంది నాతో. నిజమే. ఆమెకు చెప్పాలని మా ఇద్దరికీ తట్టలేదు.

"ఏం కాదు. మళ్లీ కడదాం. ఒక గంట పని" అని సారు లేవబోయి లేవలేకపోయాడు. అప్పుడే మేడమ్ టిఫిను క్యారియరుతో వచ్చింది. సారును ఒక్క చూపు చూసి క్యారియరు నా చేతిలో పెట్టింది.

"లేవండి సార్. డాక్టరు దగ్గరికి పోదాం."

"ఒక్క గంట మేడమ్."

"మీరు ఈడ పడిపోతే నాకు తల తిరుగుతాది. భూమి సంగతి తర్వాత."

"ఇన్నేండ్లు ఆగినా. ఒక్క గంట ఆగలేరా మీరు?"

"ఆగలేను" అంది మేడమ్. ఆమె గొంతు విని సారు లేవడానికి చెయ్యి చాపాడు. ఇద్దరం చెరో పక్క పట్టుకుని మేడమ్ కారు ఎక్కించాం. తలుపు వేసే ముందు సారు నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వుండి చూడప్పా" అన్నాడు.

నేనూ అవ్వా నేల ఆరేదాకా కూర్చున్నాం. గుండును ఆపి, వెనక్కి లాగి, దారంతో కట్టాను. అది వణకడం ఆగేదాకా చూసి దారం కాల్చాను. గుండు బయలుదేరింది. మోకాళ్ల మీద కూర్చుని గీత గీశాను. అవ్వ బకెట్టును తీసుకుపోయి హాలు బయట బోర్లించి వచ్చింది.

గోడకు ఆనుకుని ఇద్దరం కూర్చున్నాం. ఫ్యాను లేదు, గాలి లేదు. తీగ కిర్రుమనే చప్పుడు ఒక్కటే.

"భాయ్, ఇది నిజంగా తిరుగుతాదా?" అంది అవ్వ.

"తిరిగేది ఇది కాదంటవ్వా. మనమంట."

"నేను కదలకుండా కూర్చోనుంటే ఎట్ల తిరుగుతా?"

"గోడతో పాటు తిరుగుతాండావంట."

"అందుకే సాయంత్రానికి నడుం పీకుతాండాది" అంది.

నవ్వుకున్నాం. తర్వాత నేను ఆ ముల్లునే చూస్తున్నాను. గీత మీదే పోతోంది, గీత మీదే వస్తోంది. ఏమీ జరగడం లేదు. ఒకసారి కునుకు పట్టినట్టయింది. దూరంగా మసీదులో సాయంత్రం అసర్ నమాజుకు పిలిచే అజాన్ వినిపించి కళ్లు తెరిచాను. ముల్లు గీత మీద లేదు. గీత పక్కన, వట్టి బండ మీద పోతోంది. తోసింది లేదు, గాలి లేదు. వంగి, గీతకూ ముల్లుకూ మధ్య నా వేళ్లు పెట్టాను. నాలుగు వేళ్లు పట్టాయి.

"అవ్వా, చూడు" అన్నాను.

అవ్వ వచ్చి చూసింది. వెనక్కి పోయి రెండు అరచేతులూ గోడకు ఆనించి నిలబడింది, కదిలే బస్సులో నిలబడినట్టు.

నాకు సంతోషం రావాలి. రాలేదు. ఆ హాల్లో ఎవరికి ఇది కనపడాలో ఆయన లేడు. పంచర్లు వేసుకునేవాణ్ని నేను, ఊడ్చే అవ్వ, మా ఇద్దరికీ కనపడింది. గుండు ఊగుతూనే ఉంది. దాన్ని ఆపడానికి నాకు చెయ్యి రాలేదు. అదే ఆగేదాకా ఉన్నాం.

సారును ఆసుపత్రిలో పెట్టుకున్నారు. వడదెబ్బ, పైగా షుగరు. కొన్ని రోజులు కదలకూడదన్నారు. సోమవారం పొద్దున్నే నేను గేటు దగ్గర మేస్త్రి కోసం నిలబడ్డాను. సారు వచ్చేదాకా ఆ దూలం ముట్టుకోవద్దని అడిగాను.

"ఏమప్పా భాయ్" అన్నాడు మేస్త్రి. "తీగకు కట్టిన చెంబు కోసం నా మనుషుల్ని ఊరికే కూర్చోబెట్టాల్నా? జూన్లో పిల్లలొస్తారు. అప్పుడు నన్ను అడుగుతారు గానీ నీ చెంబును అడుగుతారా?"

ఆయన చెప్పిందీ నిజమే. అయినా మధ్యాహ్నం దాకా ఆగాడు. నేను సైకిల్ మీద ఆసుపత్రికి పోయాను. సారుకు సెలైను ఎక్కుతోంది. మేస్త్రి మాట చెప్పాను. సారు సెలైను సీసా వైపు చూసి, "తీసేయమనప్పా" అన్నాడు. సీసాను కాదు, గుండును.

తర్వాత అడిగాడు. "చూసినావా?"

"చూసినా సార్."

"నీ కండ్లతో?"

"నా కండ్లతో. అవ్వ కూడా చూసింది."

"ఎటు పక్కకు జరిగింది?"

"గడియారం ముల్లు తిరిగే పక్కకు."

"ఎంత?"

నాలుగు వేళ్లు చూపించాను. సెలైను లేని చేత్తో నా వేళ్లు పట్టుకుని, అవేవో కొత్త వస్తువులన్నట్టు కాసేపు చూశాడు.

"అట్లయితే ఇంక ఆ పాఠం నేను చెప్పనప్పా. నేను చూడలే. చూసినోళ్లు చెప్పాల" అన్నాడు.

జ్వరం మాట అనుకున్నాను. కాదు. ఆ తర్వాత ఏడు ఆ పాఠం వచ్చిన రోజు సారు నన్ను క్లాసులోకి పిలిచాడు. పిల్లలు గోల చేశారు. సారు పోయి వెనక బెంచీలో కూర్చున్నాడు. నేను బోర్డు ముందు నిలబడి, దారం కాల్చడం, గీత గీయడం, నాలుగు వేళ్లు, అన్నీ చెప్పాను. ఒకబ్బాయి, "భాయ్, నిజంగా చూసినావా, కథ చెప్తాండావా" అన్నాడు. సారు వెనక నుంచి, "మంచి ప్రశ్న. అడగండి, ఇంకా అడగండి" అన్నాడు. రిటైరయ్యే దాకా ఏటా పిలిచాడు. ఏటా వెనక బెంచీ నుంచి చెయ్యి ఎత్తి, తెలిసినా అదే ప్రశ్న అడిగేవాడు. ఎటు పక్కకు జరిగింది అని.

గోడలు లేచాయి. త్రాసులు నల్లబడటం ఆగింది. గదులు బాగున్నాయి, పనులు బాగా జరిగాయి, ఆ మాట నేను కాదనను. కానీ మామిడికాయల కాలంలో బాటనీ సారు గది గదికీ ప్లేటులో కోసిన ముక్కలు పంపేవాడు. కోయని కాయ మీద వాదన మళ్లీ నేను వినలేదు. అవ్వ పని మానేసి ఊరికి పోయింది. ఎక్కడైనా ఎత్తయిన కప్పు కింద నిలబడితే నా మెడ దానంతటదే పైకి లేస్తుంది. మొన్న మా అల్లుణ్ని దించడానికి ఓర్వకల్లు ఎయిర్‌పోర్టుకు పోయినప్పుడూ అంతే. తీగ ఎంత పడుతుందో అనుకుంటూ నిలబడితే సెక్యూరిటీ అతను వచ్చి, "ఏం చూస్తాండావు పెద్దాయనా" అన్నాడు. "కప్పు" అని చెప్పి బయటికి వచ్చేశాను.

సారును చివరిసారి చూసింది కల్లూరులో ఆయన ఇంట్లో. ఒక శుక్రవారం నమాజు అయ్యాక పోయాను. మంచం మీద ఉన్నాడు. మాట సన్నగా వస్తోంది. నన్ను గుర్తుపట్టి కూర్చోమన్నాడు.

"ఎట్ల జరిగిందో చూపీప్పా" అన్నాడు.

నేను మంచం పక్కన కుర్చీ లాక్కుని, అరచెయ్యి నిలువుగా పెట్టి ముందుకూ వెనక్కూ ఊపుతూ పక్కకు తిప్పాను.

సారు నవ్వాడు. "అంత తొందరగా పోదప్పా భూమి."

మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి నాకు చేతనైనంత నిదానంగా. లోపల నుంచి సారు ఇంటావిడ టీ తెచ్చి స్టూలు మీద పెట్టి పోయింది. సారు కళ్లు నా చెయ్యి మీదే ఉన్నాయి. భుజం లాగుతోంది. ఆపాలనిపించలేదు. ఆయన రెప్ప వేయకుండా చూస్తున్నాడు. చెయ్యి జరుగుతోందో లేదో నాకే తెలియనంత మెల్లగా, పక్కకు జరుపుతూనే ఉన్నాను.